పాత బట్టల ఇంజను

ఎల్లారెడ్డికి రైలు లేదు. రైలెక్కాలంటే బస్సులో కామారెడ్డి దాకా పోవాలి. బస్సు తప్పిపోతే రైలు కూడా తప్పిపోయినట్టే. అందుకని, మా సర్పంచికి ఎక్కడో ఒక ఇంజను ఊరికే దొరుకుతున్నదని తెలిసినప్పుడు జనం నవ్వారు గానీ వద్దని ఎవరూ అనలేదు. ఊరికే దొరికింది ఊరికే చెందాలని ఆయన పట్టు.

అది సినిమా ఇంజను. ఎనభైల మొదట్లో ఎవరో సినిమా వాళ్ళు కామారెడ్డి చుట్టుపక్కల ఒక రైలు ప్రమాదం తీయాలనుకున్నారు. పడగొట్టుకుంటామంటే నిజం ఇంజను ఎవరిస్తారు? సొంతంగా ఒకటి చేయించుకున్నారు. కర్రలు వంచి పక్కటెముకల్లాగా బిగించి, వాటి మీద గోనె పరిచి, గోనె మీద మైదా జిగురుతో పాత బట్టలు పొర మీద పొర అంటించి, పైన నల్లరంగు కొట్టారు. దూరం నుంచి చూస్తే ఇనుమే. దగ్గరికి పోయి వేలితో కొడితే మాత్రం ఇనుములా మోగదు, భోజనం చేసిన మనిషి పొట్టలాగా బొద్దుగా పలుకుతుంది. ఈ పోలికను నేను నా పొట్ట మీద కూడా కొట్టి చూసి ఖాయం చేసుకున్నాను. సినిమా సగంలో ఆగిపోయింది. పడిపోవడానికి పుట్టిన ఇంజను పడకుండా మిగిలిపోయి, కామారెడ్డిలో ఒక రైస్ మిల్లు వెనక రేకుల షెడ్డులో ఏళ్ళ తరబడి నిలబడింది. మిల్లు ఆయనకు వడ్ల బస్తాలకు చోటు కావలసి వచ్చి, తీసుకుపోయేవాళ్ళుంటే తీసుకుపొమ్మన్నాడు.

నేను అప్పట్లో ఎల్లారెడ్డి హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టరును. నెలనెలా జీతం డ్రా చేయడం తప్ప నాకు వేరే డ్రాయింగ్ రాదని మా ఆవిడ అంటుండేది. అందులో కొంత నిజముంది. బడి గోడ మీద నేను వేసిన దేశనాయకులందరికీ ఒకటే ముఖం వచ్చింది, అది కూడా మా మామగారి ముఖం. సర్పంచి మాత్రం నా మీద నమ్మకం పెట్టుకున్నాడు. లేదంటే, ఊళ్ళో రంగుడబ్బా పట్టుకున్నవాణ్ణి నన్నొక్కణ్ణే చూశాడు.

"సార్, మీకు పట్టా లేదు, దానికి పట్టాలు లెవ్వు. ఇద్దరికిద్దరు సరిపోతరు," అన్నాడు. "దాన్ని మంచిగ జేసి బస్టాండు ముంగట నిలవెడ్దాం. మీ ఊరికి రైలేడుందని కామారెడ్డోళ్లు మనల్ని ఇగ అడుగొద్దు."

ఇంజనును రెండు ముక్కలుగా విప్పి రెండు చెరకు ట్రాక్టర్ల మీద తెచ్చాం. ముందు ట్రాక్టరు మీద పొగగొట్టమున్న ముక్క, దాని పక్కన నేను. లింగంపేట దాటాక ఒక సంగతి గమనించాను. రైలు కనబడితే పొలాల్లో వాళ్ళు చేతులూపడం మామూలు. మమ్మల్ని చూసి ఎవరూ ఊపలేదు. పనిచేస్తున్నవాళ్ళు నడుము ఎత్తి నిలబడ్డారు. ఆడవాళ్ళు కొంగు తల మీదికి లాక్కున్నారు. ఒక ముసలాయన రుమాలు విప్పి చేతిలో పట్టుకొని, మేము దాటేదాకా తల వంచుకొని ఉన్నాడు. నన్ను చూసి ఇంత మర్యాద ఎప్పుడూ ఎవరూ చేయలేదు గనుక, అది నాకు కాదని అప్పుడే అర్థమైంది.

ఊరి చివర ఖాళీగా ఉన్న ఒక గోదాంలో దించుకున్నాం. కట్టెపని వడ్లాయన చూసుకున్నాడు. రంగుపని నాది. మిగిలింది ఇంజను చర్మం. ఎలుకలు, చెదలు, వాన కలిసి దాన్ని చాలాచోట్ల చింపేశాయి. చిరుగు పడిన బట్టను ఎల్లారెడ్డిలో ఎవరైనా ఒక్కచోటికే తీసుకుపోతారు, మసీదు గల్లీలో రఫూ చేసే ఆపా దగ్గరికి. ఆపా అంటే అక్క, ఊళ్ళో చాలామంది ఆమెను అట్లాగే పిలిచేవాళ్ళు. రఫూ అంటే చిరుగు ఉండేదని కూడా తెలియకుండా పోగుకు పోగు కలిపి కుట్టే పని. మేము పోయి అడిగితే ఆమె చాలాసేపు నవ్వింది.

"షేర్వానీలకు జేసిన, పట్టుచీరెలకు జేసిన. రైలుకు రఫూ జేసుడు ఇదే మొదలు. దానికేమన్న పెండ్లి సంబంధం వచ్చిందా సార్?"

ఆపా నవ్వేది గానీ, ఆమె ఇంట్లో ఒక చోట నవ్వు ఆగిపోయేది. తల్లిదండ్రులు పోయాక తమ్ముణ్ణి ఆమే పెంచింది. అతను కొన్నేళ్ళ కిందట దుబాయి పోతానని, కామారెడ్డిలో బొంబాయి దిక్కు రైలెక్కడానికి బయలుదేరాడు. ఉత్తరం రాలేదు. దుబాయి నుంచి వచ్చినవాళ్ళను అడిగితే ఎవరూ చూడలేదన్నారు. షబ్బేబరాత్ నాడు ప్రతి ఇంట్లో హల్వా చేసి, పోయినవాళ్ళ పేర్లు చెప్పి ఫాతెహా చదివిస్తారు కదా, ఆ రోజు వచ్చిందంటే ఆపా చిచ్చా, అంటే ఆమె చిన్నాన్న, ఒకే మాట అడిగేవాడు. ఈసారైనా వాడి పేరు చేర్చుదామా బేటీ, అని. ఆమె ఒప్పుకొనేది కాదు. చేర్చకపోతే, నిజంగానే పోయి ఉంటే, ఆకలితో తిరిగే పిల్లవాడికి అక్క పిడికెడు హల్వా కూడా పెట్టనట్టు. చేరిస్తే, బతికి ఉంటే, అక్కే చేజేతులా వాణ్ణి మట్టిలో పెట్టినట్టు. ఆ ఏడు షబ్బేబరాత్ దగ్గర పడుతున్నది. చిచ్చా ఈసారి అడగడానికి రాలేదు. మౌల్వీగారితో మాట్లాడి, పేరు చేర్చాల్సిందేనని కబురు పంపాడు. ఆపా ఆ కబురు మాకు చెప్పి, సూదిలోకి దారం ఎక్కించుకుంది.

పని మొదలైంది. చిరుగులకు అతుకులు వేయాలంటే బట్ట కావాలి. పాతబట్టలు ఇవ్వండని సర్పంచి డప్పు వేయించాడు. ఇక్కడ మా దిక్కు సంగతి ఒకటి చెప్పాలి. ఆ రోజుల్లో బాణామతి భయం ప్రతి ఇంట్లో ఉండేది. మనిషి తొడిగి విడిచిన బట్ట పరాయి చేతిలో పడితే, దాన్ని పట్టుకొని ఆ మనిషినే పట్టుకోవచ్చని నమ్మేవాళ్ళు. అందుకని బతికున్న మనిషి బట్ట గడప దాటాలంటే దాని మూల ఒకటి చేత్తో చింపి పొయ్యిలో వేసేవాళ్ళు. చింపిన బట్టకు మనిషితో సంబంధం తెగిపోతుంది. పోయినవాళ్ళ బట్టలైతే చింపకుండా, ఉన్నవి ఉన్నట్టు చాకలికి ఇచ్చేసేవాళ్ళు. పోయినవాళ్ళకు ఇక భయమేముంది?

కాబట్టి ఊరు ఊరంతా మూలలు లేని బట్టలు తెచ్చి గోదాం ముందు పోసింది. రెండో పూట ఒక అవ్వ ఉరుక్కుంటూ వచ్చింది.

"సారూ, ఆగుండ్రి! పచ్చ అంగి ఏడ వెట్టిండ్రు? నా కొడుకుది. చింపకుండ ఇచ్చిన!"

"అంటించేశాం అవ్వా, చక్రం పైన," అన్నాను.

"ఓరి నాయినో! బతికున్న పిలగాన్ని రైలుకు అంటిస్తరా? పీకుండ్రి!"

వడ్లాయన ఉలి తీసుకొని, తడి ఆరని అంగి మూలను పైకి లేపాడు. అవ్వ పళ్ళతో పట్టి చర్రుమని చింపి, ఆ పీలికను రొండిన దోపుకొని, ఇంజనును ఒకసారి కోపంగా చూసి పోయింది. మేము చాలాసేపు నవ్వాం. నవ్వు ఆగాక వడ్లాయన, సినిమావాళ్ళు అంటించిన పాతపొరను ఒకచోట ఉలితో లేపి చూశాడు. ఇంకొకచోట చూశాడు. నా దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు.

"సార్, మనోళ్ళు తెచ్చినయి అన్ని చింపి ఉన్నయి. గిండ్ల ఉన్నయి జూడుండ్రి. చానమట్టుకు చింపలే."

నేను చూశాను. ధోతులు, చీరలు, లంగావోణీలు, చంటిపిల్లల కుళ్ళాయి ఒకటి. నేను చూసినవన్నీ నాలుగు మూలలతో ఉన్నాయి. సినిమావాళ్ళు బట్టలు ఎక్కడ కొన్నారో, ఏ చాకలి ఇళ్ళ నుంచి మూటలు కట్టించుకున్నారో అప్పుడు తెలిసింది. పొలాల్లో కొంగు కప్పుకున్న ఆడవాళ్ళకు ఎలా తెలిసిందో మాత్రం ఇప్పటికీ తెలియదు.

ఆ తరువాత మేము ఇంజను దగ్గర గట్టిగా మాట్లాడటం మానేశాం. ఎవరూ అనుకోలేదు, అదే అయిపోయింది.

పగటి పూట ఎండెక్కేకొద్దీ ఆ చర్మం బిగిసేది. బిగుస్తున్నప్పుడు లోపల ఎక్కడో సన్నగా కిర్రుమనేది. పొద్దు వాలి చల్లబడుతుంటే వదులై, పొగగొట్టంలోంచి గాలి హా అని బయటికి వచ్చేది. ఆ గాలికి వాసన ఉండేది. ఒకరోజు బీడీ, ఒకరోజు కొబ్బరినూనె, ఒకరోజు అత్తరు, ఇంకొకరోజు పాలు తాగిన పిల్లల నోటి వాసన. మైదా జిగురు, ఎండ, బట్ట, అంతే అని నేను వడ్లాయనకు శాస్త్రం చెప్పాను. బడిలో సైన్సు మాస్టరు సెలవు పెడితే ఆ క్లాసు నాకే ఇచ్చేవాళ్ళు గనుక ఆ ధైర్యం. వడ్లాయన అంతా విని, "మంచిది సార్, మీరు గొట్టం దిక్కు కూసోండ్రి మరి," అని తాను చక్రాల వైపు జరిగాడు.

చక్రాల సంగతి కూడా చెప్పాలి. అవి తిరగవు. కర్ర చక్రాలు, కింది దూలానికి మేకులతో దిగ్గొట్టినవి. వాటిని కలుపుతూ అడ్డంగా ఒక కర్ర కడ్డీ. నేను చక్రాలకు ఎర్రరంగు వేసినప్పుడు కడ్డీ వెనక వేయలేదు. కనబడని చోట రంగు వేయకపోవడం నా కళలో ముఖ్యమైన పద్ధతి. మర్నాడు బడి వదిలాక వచ్చి చూస్తే, కడ్డీ ఆకారంలో రంగులేని చార ఒకటి జానెడు పైన కనబడుతున్నది. కడ్డీ దాని కింద ఉంది. మేకులు కొట్టిన చోటనే ఉన్నాయి.

"మీరు కదిలించిండ్రా అన్నా?" అని అడిగాను.

"నాకేం పని సార్? కదిలేటిదైతే నేనెందుకు మేకులు జూసుకుంట?"

ఆపా సూది ఆపకుండానే, "పోవాలని బుద్ధి పుట్టిందేమో పాపం. గిన్నేండ్లసంది నిలవడ్డది," అంది. వేళాకోళమే. కానీ ముగ్గురిలో ఎవరికీ నవ్వు రాలేదు. నేను ఆ చార మీద రంగు వేసేశాను. ఈసారి కడ్డీ వెనక కూడా వేశాను.

ఇంజను పొట్ట దగ్గర, ఎడమ పక్కన, అరచేయంత చిరుగు ఉండేది. షబ్బేబరాత్ ముందు రోజు మధ్యాహ్నం ఆపా దాని దగ్గర కూర్చొని ఉంది. నేను నిచ్చెన మీద ఉన్నాను. చాలాసేపటి నుంచి ఆమె దారం కొరికే చప్పుడు వినబడలేదని గమనించి కిందికి చూశాను. ఆమె చేతులు ఆ చిరుగులో ఉన్నాయి. గుడ్డివాళ్ళు ముఖం తడిమినట్టు వేళ్ళతో ఏదో తడుముతున్నది.

"ఏమైంది ఆపా?"

"సార్, దిగుండ్రి."

దిగి చూశాను. నల్లరంగు పెచ్చు ఊడిన చోట నీలం గళ్ళ బట్ట కనబడుతున్నది. చొక్కా చేయి. మోచేయి దగ్గర ఏమీ లేదు. నాకైతే ఏమీ కనబడలేదు.

"ఈడ రఫూ ఉన్నది. నాదే," అంది. "తమ్ముడు పోయెటప్పుడు గిదే అంగి తొడుక్కొని పోయిండు. పొద్దుగాల మోచేయి చినిగితే, నిలవడ్డ మీదనే కుట్టిన. బస్సు పోతదని ఒకటే లొల్లి."

వడ్లాయన పని ఆపి వచ్చాడు. మాట్లాడవలసింది ముగ్గురికీ ఒక్కసారే తెలిసింది. ఆ అంగి బొంబాయి పోలేదు, దుబాయి పోలేదు. కామారెడ్డిలో ఒంటి మీది నుంచి దిగింది. తమ్ముడు తానే విప్పి ఎవరికో ఇచ్చి ఉంటే, అక్క పెంచిన పిల్లవాడు మూల చింపకుండా ఇవ్వడు. వేరేవాళ్ళు అతని ఒంటి మీది నుంచి విప్పి ఉంటే, అది నాలుగు మూలలతో ఉంటుంది.

చేయి మాత్రం పై పొరలో ఉంది. అంగి కింది భాగం లోపలి పొరల్లోకి పోయి, ఒక పక్కటెముక చుట్టూ మడిచి ఉంది. బయటి నుంచి చూడాలంటే పొట్ట మొత్తం కోయాలి.

"కోద్దామా?" అన్నాను. సర్పంచి నన్ను కోస్తాడని తెలిసే అన్నాను.

"వద్దు," అంది ఆపా. "లోపల్నుంచి కనవడ్తది. నేను పోత."

ఇంజను వెనక, డ్రైవరు నిలబడే చోట, బొగ్గు వేసే బొక్కలాగా చేసిన ఒక తలుపు ఉండేది. దాంట్లోంచి మనిషి పాక్కుంటూ పొట్టలోకి పోవచ్చు. నేను పోతానన్నాను. తల పట్టింది, భుజాలు పట్టాయి, తరువాతిది పట్టలేదు. వడ్లాయన కాళ్ళు పట్టి వెనక్కి లాగాడు. ఆయన మాత్రం పోనన్నాడు. "నన్ను ఏమన్న అనుండ్రి సార్, నేను గండ్ల తల వెట్ట," అని ఒట్టు పెట్టుకున్నాడు. ఆపా కొంగు నడుముకు బిగించి, నా టార్చి తీసుకొని లోపలికి పోయింది.

పట్టపగలు. గోదాం తలుపులు తెరిచే ఉన్నాయి. బయట ఎవరో సైకిల్ మీద ఐస్‌ఫ్రూట్ అమ్ముకుంటూ పోతున్నాడు. ఆ గంట చప్పుడు వింటూ, ఇంజను పొట్ట పక్కన నిలబడ్డాను. చీర రాసుకుంటున్న చప్పుడు నెమ్మదిగా చర్మం వెనక జరుగుతూ వచ్చి, ఆ చేయి ఉన్న చోట ఆగింది. పైన, పొగగొట్టంలోంచి టార్చి వెలుగు ఊగుతున్నది.

"కనబడిందా ఆపా?"

కాసేపటికి మాటలు వినబడ్డాయి. చాలా మెల్లగా, ఉర్దూలో. అక్క చిన్నపిల్లవాణ్ణి కోప్పడుతున్నట్టు. ఆగింది. ఆగిన చోట, ఒక గొణుగుడు. మళ్ళీ ఆమె. మళ్ళీ గొణుగుడు. పీపాలో మాట్లాడితే మాట తిరిగొస్తుంది, అది నాకు తెలుసు. సైన్సు క్లాసులో చెప్పాను కూడా. కానీ తిరిగొచ్చే మాట, ముందు మాట అయిపోయేదాకా ఆగి, కొంచెం ఆలోచించి వస్తుందా?

ఆ తరువాత చర్మం మీద లోపలి నుంచి ఒక అరచేయి అచ్చు ఉబ్బింది. ఐదు వేళ్ళు స్పష్టంగా. దాని పక్కన ఇంకొకటి. ఆపాకు రెండు చేతులుంటాయి కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. అప్పుడు పైకి చూశాను. పొగగొట్టంలో టార్చి వెలుగు ఇంకా ఊగుతున్నది. నేను వడ్లాయన వైపు చూశాను. వడ్లాయన కూడా పైకే చూస్తున్నాడు.

చేతులు పోయాయి. చీర చప్పుడు వెనక్కి జరిగింది. ఆపా తలుపులోంచి బయటికి వచ్చి, టార్చి ఆర్పి, నా చేతిలో పెట్టింది. ముఖమంతా బూజు, మసి. ఏడ్చిందో లేదో ఆ మసిలో తెలియలేదు.

"చింపి ఉన్నది," అంది.

వడ్లాయన, "ఎలుక గిట్ల కొరికిందేమో చెల్లే, మంచిగ జూసినవా?" అన్నాడు.

"చింపి ఉన్నదని చెప్పిన గదా అన్నా." గొంతులో పోట్లాట లేదు. "మైదా కలుపుండ్రి. ఇప్పుడే మూసేద్దాం."

ఆ చిరుగుకు ఆమె రఫూ చేయలేదు. తన పాత చీర ముక్క, మూల చింపి, నాలుగు పొరలుగా అంటించింది. ఆరకముందే నన్ను నల్లరంగు వేయమంది. వేశాను. నా జీవితంలో అడ్డదిడ్డం కాకుండా వేసిన రంగు అదొక్కటే అయి ఉంటుంది.

మర్నాడు పొద్దు వాలుతుండగా ఆపా ఇంటికి పోయాను, ఇంజను బయటికి తీసే రోజు ఖాయమైందని చెప్పడానికి. చాప మీద హల్వా పళ్ళెం, ఊదుబత్తీలు ఉన్నాయి. మౌల్వీగారు వచ్చి ఉన్నారు. చిచ్చా గడప దగ్గరే కూర్చొని ఉన్నాడు. పొడవైన మనిషి, ఎవరినీ నొప్పించాలని లేని మనిషి, కానీ ఈ ఒక్క పని అయిపోవాలని వచ్చిన మనిషి.

"పేర్లు చెప్పు బేటీ," అన్నాడు.

ఆపా తండ్రి పేరు చెప్పింది, తల్లి పేరు చెప్పింది, తాతల పేర్లు చెప్పింది. చిచ్చా ఎదురు చూశాడు. మౌల్వీగారు ఎదురు చూశారు.

"గంతే చిచ్చా."

"గంతేనా?"

"బతికున్నోని పేరు మీద ఫాతెహా చదివిస్తే గునా అయితది, పాపం తగుల్తది."

"బతికున్నడని ఎవలు చెప్పిండ్రు నీకు?"

"అంగి చింపి ఇచ్చిండు. నేను జూసిన." ఆమె నా వైపు చేయి చూపింది. "సార్ ఆన్నే ఉండె. అడుగుండ్రి."

చిచ్చా నా వైపు తిరిగాడు. "మీరు జూసిండ్రా సార్?"

జీవితంలో నన్ను సాక్ష్యం అడిగింది అదొక్కసారే. అవునంటే అబద్ధం. లేదంటే, లేదనడమే కాదు, ఇంకేదో కూడా చెప్పినట్టవుతుంది.

"ఆపా లోపలికి పోయింది చిచ్చా. నేను పోబోతే నా పొట్ట పట్టలేదు," అన్నాను.

చిచ్చా నా పొట్టను చూశాడు. మౌల్వీగారు కూడా చూశారు. అంత పెద్ద సాక్ష్యాన్ని కాదనడం ఎవరి వల్లా కాలేదు. చిచ్చా మౌల్వీగారి వైపు తిరిగి, "చదువుండ్రి మౌల్వీ సాబ్," అన్నాడు. ఆ నాలుగు పేర్ల మీదనే ఫాతెహా చదివారు. హల్వా నాకూ పెట్టారు. ఆపా పెడుతూ నా కళ్ళలోకి చూడలేదు.

ఇంజనును బస్టాండు ముందు నిలబెట్టాం. సర్పంచి రిబ్బను కోశాడు. కామారెడ్డి నుంచి వచ్చిన బస్సులో వాళ్ళు కిటికీల్లోంచి తలలు బయటికి పెట్టి చూశారు. అయితే అవ్వ అంగి సంగతి, ఆపా సంగతి అప్పటికే ఊళ్ళు తిరిగాయి. వారం తిరక్కుండానే బీర్కూర్ నుంచి, పెద్దకొడప్‌గల్ నుంచి, సదాశివనగర్ నుంచి మనుషులు రావడం మొదలైంది. ఇంజనును చూడటానికి కాదు. దాని పక్కన నిలబడి, చర్మం మీద అరచేతులు పెట్టి, నెమ్మదిగా జరుపుకుంటూ పోయేవాళ్ళు. ఒకామె చక్రం దగ్గర ఆగి, చెంప ఆనించి, అట్లాగే ఉండిపోయేది. ఎవరిదో, ఎప్పటిదో మేము అడగలేదు. సర్పంచి చుట్టూ ముళ్ళతీగ వేయిద్దామన్నాడు. వేయించలేదు. ఒకనాడు ఆయన కూడా గొట్టం కింద చేయి ఆనించి నిలబడి ఉండటం చూసి నేను పక్క దారిలో పోయాను.

వానాకాలం వచ్చింది. మైదా జిగురు వానకు ఎన్నాళ్ళు ఆగుతుంది? రంగు పగిలింది, పొరలు ఊడాయి. చీరలు, ధోతులు పక్కటెముకల నుంచి వేలాడి, గాలికి బస్టాండు వైపు చేతులు చాపినట్టు ఊగేవి. రాత్రికి ఉన్నవి తెల్లారేసరికి ఉండేవి కావు. గాలి తీసుకుపోయిందో, గుర్తుపట్టినవాళ్ళు తీసుకుపోయారో తెలియదు. చివరికి కర్రలు మిగిలాయి. ఎడమ పక్కన, పొట్ట దగ్గర ఒక్క చోట మాత్రం చర్మం ఊడలేదు. ప్రతి వాన తరువాత అది కొంచెం మందంగా కనబడేది.

మరుసటేడు నాకు కామారెడ్డికి బదిలీ అయింది. సామాను ముందే పంపించి, బస్సు కోసం నిలబడి ఉన్నాను. అంతకు ముందు రోజే వాన పడింది. ఆపా మైదా గిన్నెతో ఇంజను దగ్గర ఉంది.

"సార్, జర గీ కొస పట్టుండ్రి," అని పిలిచింది.

పోయి పట్టుకున్నాను. అప్పటికి ఎన్ని పొరలు అయ్యాయో, ఆ ముక్క చెక్కలాగా తయారైంది. వాన దాని కింది అంచును లేపింది. లేచిన చోట నీలం గళ్ళు వేలాడుతున్నాయి. అంగి కింది భాగం. పక్కటెముక చుట్టూ ఉండిన మడత విడిపోయి, మూల నా వైపే తిరిగి ఉంది. తల ఒక్క బెత్తెడు వంచితే చాలు.

ఆపా బట్ట మీద మైదా పూస్తున్నది. నేను చూస్తానో లేదో చూడటం లేదు. చూడొద్దని కూడా అనలేదు.

నేను కామారెడ్డి బస్సు వస్తుందేమోనని రోడ్డు వైపు చూశాను. వస్తున్నదేమీ లేదు. అయినా రోడ్డే చూస్తూ ఉన్నాను.

"ఇగ ఒత్తుండ్రి సార్. గట్టిగ. లోపల గాలి ఉంటే ఆగది."

రెండు చేతులతో ఒత్తిపట్టాను. ఆమె పైన ఇంకొక పొర వేసింది.

బస్సు కదిలాక కిటికీలోంచి వెనక్కి చూశాను. ఇంజను పక్కటెముకల మధ్య నుంచి అవతలి హోటలు, సైకిల్ షాపు, వాటి ముందు నిలబడ్డ మనుషులు కనబడుతున్నారు. ఆ ఒక్క చోట మాత్రం అవతల ఏముందో కనబడలేదు.